4294967295 లోపలికి: ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

ఒక పెద్ద పూర్ణసంఖ్యను తీసుకుని దాని గురించి రాబట్టగలిగినదంతా రాబట్టాలి. ప్రధాన సంఖ్యా, కాదా? కాకపోతే ఏ ప్రధాన సంఖ్యల లబ్ధం? భాజకాలెన్ని? గణితంలో సంఖ్యలకు పెట్టిన పేర్లు బోలెడున్నాయి, వాటిలో ఏవేవి దీనికి సరిపోతాయి? పనిముట్లు కాగితం, పెన్ను, పైథాన్. ముందు కాగితం మీద తేల్చాలి, తర్వాతే ప్రోగ్రాంతో సరిచూసుకోవాలి అని నియమం పెట్టుకున్నాను. ప్రోగ్రాం అవుననో కాదనో చెప్పి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు. నాకు కావలసింది ఆ ఎందుకు.

తీసుకున్న సంఖ్య 4294967295. పలికితే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఐదు. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంఖ్యే. గుర్తు లేని 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ ఇది. నెట్‌వర్క్ చిరునామాల్లో 255.255.255.255 అని కనిపించేదీ ఇదే. అయితే అక్కడ దాన్ని ఒక హద్దుగానే చూస్తాం, ఆ హద్దు లోపల ఏముందో చూడం.

కారణాంకాలు

చివరి అంకె 5, కాబట్టి 5తో పోతుంది. అంకెల మొత్తం 57, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. 15తో భాగిస్తే 286331153. దాన్ని 17తో భాగిస్తే 16843009. అది 257 × 65537. ఇలా ఒక్కొక్కటే భాగిస్తూ పోయినా పని అయిపోతుంది కానీ, ఈ కారణాంకాలే ఎందుకు వచ్చాయో తెలియదు.

మన సంఖ్యకు ఒకటి కలిపితే 2³². అంటే ఇది 2³² − 1. రెండు వర్గాల తేడా కాబట్టి వెంటనే (2¹⁶ − 1)(2¹⁶ + 1) అవుతుంది. అందులో మొదటిది మళ్లీ వర్గాల తేడానే. అలా విప్పుకుంటూ పోతే:

4294967295 = 3 × 5 × 17 × 257 × 65537

ఈ ఐదూ ఒకే అచ్చులో వచ్చాయి: 2 + 1, 4 + 1, 16 + 1, 256 + 1, 65536 + 1. ఒక్కోదానిలో ఒకటి తీసేస్తే మిగిలే 2, 4, 16, 256, 65536లో ప్రతిదీ తన ముందుదాని వర్గం. వీటినే ఫెర్మా సంఖ్యలు అంటారు. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదింటి వరకు ఆ నమ్మకం నిజమే. మన సంఖ్య సరిగ్గా ఆ ఐదింటి లబ్ధం.

65537 నిజంగా ప్రధానమేనా అన్నది చేత్తో తేల్చాలనిపించింది. మామూలుగా అయితే 256 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఆయిలర్ చూపించిన దారి చాలా దగ్గర. 65537ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానితో భాగించినప్పుడు 2¹⁶ శేషం −1 (అంటే ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ) అవుతుంది, 2³² శేషం 1 అవుతుంది. అంటే 2 ఘాతాలు సరిగ్గా 32 అడుగులకొకసారి మొదటికి వస్తాయి. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 32తో పోవాలి. 256 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు రెండే, 97, 193. 97తో భాగిస్తే శేషం 62. 193తో భాగిస్తే శేషం 110. పని పూర్తయింది. రెండే రెండు భాగహారాలతో ఒక ఐదంకెల సంఖ్య ప్రధానమని తేలిపోవడం నాకు ఎంతో నచ్చింది.

ఇంకో చిన్న సంగతి. మన సంఖ్య వర్గమూలం 65536కి ఒక్క పిసరు తక్కువ. అతి పెద్ద కారణాంకం 65537. అంటే అతి పెద్ద ప్రధాన కారణాంకం వర్గమూలాన్ని దాటిన సంఖ్యల జాబితాలో ఇదీ ఉంటుంది, అదీ అంచు మీద నిలబడి.

భాజకాలు, లోటు

ఐదు కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి ఇది వర్గరహిత సంఖ్య. భాజకాలు 2⁵, అంటే 32. వాటి మొత్తం 4 × 6 × 18 × 258 × 65538 = 7304603328. ఇందులోంచి సంఖ్యనే తీసేస్తే 3009636033 మిగులుతుంది. సంఖ్య కన్నా తక్కువ, కాబట్టి ఇది లోటు సంఖ్య. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యల్లో ఈ రెండూ సమానంగా ఉంటాయి.

32 భాజకాలుండీ లోటు ఎందుకొచ్చింది? పోల్చుకోవడానికి 15015ని తీసుకున్నాను. అది 3 × 5 × 7 × 11 × 13. అక్కడా ఐదు బేసి ప్రధాన సంఖ్యలే, అక్కడా 32 భాజకాలే. కానీ తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తం 17241, సంఖ్యనే దాటిపోయింది. తేడా అంతా కారణాంకాల సైజులో ఉంది. 3, 5 కలిసి మొత్తాన్ని సంఖ్యకు 1.6 రెట్లకు తెస్తాయి. 17 దాన్ని 1.694కి చేరుస్తుంది. 257, 65537 కలిసినా 1.7007 దగ్గర ఆగిపోతుంది. ఐదే ప్రధాన సంఖ్యలతో రెండు రెట్లు దాటాలంటే చిన్నవి కావాలి, పెద్దవి ఒకటి రెండు చేరినా పెద్దగా కదలిక ఉండదు.

భాజకాల సగటు 228268854, పూర్ణసంఖ్య. ఇందులో వింతేమీ లేదు. బేసి వర్గరహిత సంఖ్యలన్నిటికీ ఇంతే.

పాస్కల్ త్రిభుజం

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ సేపు గడిపింది ఇక్కడే. 32 భాజకాలనూ ఆరోహణ క్రమంలో పెట్టి, బైనరీలో అచ్చు వేయించాను. మొదటి ఎనిమిది ఇలా వచ్చాయి:

1 → 1
3 → 11
5 → 101
15 → 1111
17 → 10001
51 → 110011
85 → 1010101
255 → 11111111

మొత్తం 32 వరుసలనూ మధ్యకు సర్ది, సున్నాల చోట ఖాళీలు పెట్టి చూస్తే త్రిభుజంలో త్రిభుజాలు, వాటిలో మళ్లీ త్రిభుజాలు కనిపిస్తాయి. సియర్పిన్‌స్కీ త్రిభుజం అదే. పాస్కల్ త్రిభుజంలో బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 వేసినా ఈ వరుసలే వస్తాయి. ఐదో వరుస 1, 4, 6, 4, 1. అది 10001 అవుతుంది, అంటే 17. ఆరో వరుస 1, 5, 10, 10, 5, 1. అది 110011, అంటే 51. 32వ వరుసలో ఉన్నవన్నీ బేసి సంఖ్యలే. ముప్పై రెండు ఒకట్లు, అంటే మన సంఖ్య.

బొమ్మ చూసి ఆగిపోవడం ఇష్టం లేక కారణం కోసం కూర్చున్నాను. బేసి, సరి లెక్కలో పాస్కల్ త్రిభుజంలో 17వ వరుసకు రెండు చివర్లలో మాత్రమే 1 ఉంటుంది, మధ్యలో పదిహేను సున్నాలు. అది 65537. అక్కడి నుంచి కిందికి ఆ రెండు చివరి ఒకట్లూ దేనికది కొత్త త్రిభుజంలా పెరుగుతాయి. వాటి మధ్య ఎడం ఎక్కువ కాబట్టి 32వ వరుస దాకా ఒకదానికొకటి తగలవు. అంటే 17 నుంచి 32 వరకు ఉన్న వరుసలు మొదటి పదహారు వరుసలకు జంట నకళ్లు, పదహారు స్థానాల దూరంలో. ఒక సంఖ్యను బైనరీలో పదహారు స్థానాలు జరిపి దానికే కలపడమంటే 65537తో గుణించడమే. ఇదే మాట తొమ్మిదో వరుస దగ్గర 257తో, ఐదో వరుస దగ్గర 17తో, మూడో వరుస దగ్గర 5తో, రెండో వరుస దగ్గర 3తో చెప్పుకోవచ్చు. కాబట్టి 32 వరుసలూ ఈ ఐదు సంఖ్యలను ఎంచుకుని గుణించగా వచ్చేవే. భాజకాలంటేనూ అవే కదా. రెండు జాబితాలూ ఒకటే ఎందుకయ్యాయో దీంతో తేటతెల్లమైంది.

బహుభుజులు

ఇవే సంఖ్యలు ఇంకోచోట కూడా వస్తాయి. కొలతలు లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి క్రమ బహుభుజిని గీయాలంటే ఎన్ని భుజాలుండాలి? 17 భుజాలు సాధ్యమని గాస్ 1796లో కనుక్కున్నాడు. ఏవి సాధ్యమో, ఏవి కావో పూర్తిగా తేలింది మాత్రం 1837లో, వాంట్జెల్ నిరూపణతో. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయి తీరాలి. ఇంతవరకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు మన ఐదే. కాబట్టి 1ని వదిలేస్తే, మన సంఖ్యకున్న 31 భాజకాలే తెలిసిన బేసి జవాబులన్నీ. వాటిలో అతి పెద్దది 4294967295 భుజాల బహుభుజి. 65537 భుజాల దాని మీద హెర్మెస్ అనే ఆయన ఏళ్ల తరబడి పనిచేసి 1894లో పూర్తి చేశాడు. అంత ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

పొరుగు సంఖ్యలు

ఒక సంఖ్య గురించి తెలియాలంటే పక్కవాటినీ చూడాలి. కింద 4294967294 ఉంది. అది 2 × 2147483647. ఆ రెండో కారణాంకం 2³¹ − 1, ప్రధానమని 1772లో ఆయిలర్ తేల్చిన సంఖ్య. పైన 4294967296, రెండు తప్ప ఇంకే ప్రధాన కారణాంకం లేనిది. దాని పైన 4294967297, ఫెర్మా వరుసలో ఆరోది.

ఫెర్మా నమ్మకం వీగిపోయింది ఆ ఆరోదాని దగ్గరే. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. 641తో పోతుందని కాగితం మీద చూపడం తేలికే. 641 = 5 × 2⁷ + 1, 641 = 5⁴ + 2⁴ కూడా. మొదటి దాని ప్రకారం 5 × 2⁷ శేషం −1, నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో దాని ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఇన్నిసార్లు రాసినా ఈ నాలుగు అడుగులు నాకు కొత్తగానే ఉంటాయి.

చుట్టుపక్కల ప్రధాన సంఖ్యల కోసం ప్రోగ్రాం నడిపాను. కింద దగ్గరలో ఉన్నది 4294967291, పైన దగ్గరలో ఉన్నది 4294967311. మధ్య ఎడం 20. ఈ సైజు సంఖ్యల దగ్గర సగటు ఎడం దాదాపు 22, కాబట్టి ఇది మామూలు చోటే.

వర్గాల మొత్తం

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 3 అనే కారణాంకం ఒక్కసారే ఉంది కాబట్టి కుదరదు. మూడు వర్గాలు? 8తో భాగిస్తే శేషం 7. పూర్ణసంఖ్య వర్గాన్ని 8తో భాగిస్తే శేషం 0, 1, 4లలో ఏదో ఒకటే వస్తుంది. మూడింటిని ఎలా కలిపినా 7 రాదు. కాబట్టి అదీ కుదరదు. నాలుగు వర్గాలు ఏ సంఖ్యకైనా చాలునని 1770లో లాగ్రాంజ్ నిరూపించాడు. చాలునని తెలిశాక చేత్తో వెతికాను. 65535 వర్గాన్ని తీసేస్తే 131070 మిగిలింది. అందులోంచి 362 వర్గం తీసేస్తే 26. అది 25 + 1.

4294967295 = 65535² + 362² + 5² + 1²

వర్గాల తేడాగా అయితే పదహారు రకాలుగా రాయొచ్చు, ఒక్కో భాజకాల జంటకు ఒక్కోటి.

త్రిభుజ సంఖ్య కాదు

1, 3, 6, 10, 15 ఇలా పోయే త్రిభుజ సంఖ్యల్లో 3, 15 ఉన్నాయి. అవి రెండూ మన సంఖ్యలాగే రెండు ఘాతం కన్నా ఒకటి తక్కువ. 4095 కూడా అంతే. మరి మనది? ఎనిమిది రెట్లు చేసి ఒకటి కలిపితే వర్గం రావాలి. వచ్చింది 34359738361. ఇది 185363, 185364 వర్గాల మధ్య పడింది. కాబట్టి కాదు.

ఈ లెక్క వెనక రామానుజన్ ఉన్నాడు. 2 ఘాతంలోంచి 7 తీసేస్తే ఎప్పుడెప్పుడు వర్గం వస్తుందని 1913లో ఆయన అడిగాడు. ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడే అన్నది ఆయన ఊహ. 1948లో నాగెల్ దాన్ని నిరూపించాడు. మన 34359738361 అంటే 2³⁵ − 7. 35 ఆ జాబితాలో లేదు. ఒక్క సంఖ్యను పరీక్షిస్తే తేలే విషయాన్ని ఆ సిద్ధాంతం అన్ని ఘాతాలకూ ఒక్కసారిగా తేల్చేసింది. 1, 3, 15, 4095 తర్వాత ఈ రకం త్రిభుజ సంఖ్య ఇంకెప్పటికీ రాదు.

అంకెల మీద ఆధారపడ్డ పేర్లు

వీటిని త్వరగా ముగించాను. కాప్రేకర్ పేరుపెట్టిన హర్షద్ సంఖ్య అవ్వాలంటే సంఖ్య తన అంకెల మొత్తంతో, అంటే 57తో పోవాలి. 19తో శేషం 5 వస్తోంది, కాబట్టి కాదు. అంకెల వర్గాలు కూడితే 393, తర్వాత 99, 162, 41, 17, 50 ఇలా వెళ్లి 4 ఉన్న చక్రంలో పడుతుంది, 1కి ఎప్పటికీ చేరదు, కాబట్టి హ్యాపీ నంబరూ కాదు. వెనక నుంచి చదివితే వేరే సంఖ్య. ఈ జవాబులన్నీ మనం పదుల్లో లెక్కపెట్టడం వల్ల వచ్చినవి. రెండు, నాలుగు, పదహారు, 256 ఏ ఆధారంతో రాసినా మన సంఖ్యలో అన్నీ ఒకే అంకెలు. ఎటు నుంచి చదివినా ఒకటే. నా దృష్టిలో కారణాంకాల నుంచి వచ్చే గుణాలే సంఖ్య సొంతం. అవి రాసే పద్ధతితో మారవు.

ఆధారం మారితే ఎంత మారుతుందో చూడటానికి 1ని ఈ సంఖ్యతో భాగించాను. బైనరీలో 32 స్థానాలకొకసారి ఆవర్తనం. దశాంశంలో ఒక అంకె తర్వాత మొదలై 65536 అంకెలకొకసారి ఆవర్తనం. 10 ఘాతాలు 17, 257, 65537 మూడింటి దగ్గరా వీలైనంత పొడవైన చుట్టు తిరుగుతాయి, ఆ చుట్లు 16, 256, 65536. పెద్దదానిలో చిన్నవి ఇమిడిపోతాయి.

ప్రోగ్రాం రాసేవాళ్లకు ఒక మాట. ఈ శేషాల లెక్కలు పైథాన్‌లో ఇబ్బంది పెట్టవు. 32 బిట్ల గుర్తు లేని పూర్ణాంకంలో చేస్తే ఒకటి కలపగానే సున్నా అయిపోతుంది. మన సంఖ్య వర్గం 18446744065119617025. ఇది గుర్తు లేని 64 బిట్లలో పడుతుంది, గుర్తున్న 64 బిట్లలో పట్టదు. గుణకారానికి ముందే రకం మార్చుకోవాలి.

సగం లెక్క

చివరికి మిగిలింది ఆయిలర్ ఫై. మన సంఖ్య వరకు ఉన్నవాటిలో దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? 2 × 4 × 16 × 256 × 65536 = 2147483648. అంటే 2³¹. రెండింతలు చేస్తే సరిగ్గా మన సంఖ్యకు ఒకటి ఎక్కువ.

ఇలా ఫైని రెండింతలు చేస్తే తనకన్నా ఒకటి ఎక్కువ వచ్చే సంఖ్యలు చాలా అరుదు. 1, 3, 15, 255, 65535 ఉన్నాయి. తర్వాత 83623935, ఆ తర్వాత మనది. 83623935 = 3 × 5 × 17 × 353 × 929. దాన్ని చేత్తో చూశాను: 2 × 4 × 16 × 352 × 928 = 41811968, రెండింతలు 83623936. ఇందులో 257 లేదు, 65537 లేదు. ఫెర్మా వరుసతో సంబంధం లేకుండానే 353, 929 జంట అదే పని చేస్తోంది.

ఒకటి తీసేసిన సంఖ్యను ఫై భాగించాలి అని గుర్తు మారిస్తే పరిస్థితి తలకిందులవుతుంది. ప్రధాన సంఖ్యలన్నిటికీ అది నిజమే. సంయుక్త సంఖ్య ఒక్కటైనా ఉందా అని 1932లో లేమర్ అడిగాడు. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. ఉంటే అది బేసిది, వర్గరహితమైనది అయి ఉండాలని ఆయనే చూపాడు. మన సంఖ్యకు ఆ రెండు గుణాలూ ఉన్నాయి, కానీ ఒకటి తీసేస్తే 2 ఒక్కసారే పోతుంది, 2³¹తో పోయే ప్రశ్నే లేదు.

కలిపే వైపు ఒక సంఖ్య నుంచి ఇంకోదానికి వెళ్లే దారి ఉంది. జాబితాలో ఒక సంఖ్య ఉండి, దానికి రెండు కలిపితే ప్రధానమైతే, ఆ రెండింటి లబ్ధం కూడా జాబితాలోకి వస్తుంది. 3కి 5, 15కి 17, 255కి 257, 65535కి 65537. మన సంఖ్య అలాగే వచ్చింది. దానికి రెండు కలిపితే 4294967297, ఆయిలర్ 641తో విడగొట్టినది. ఈ గొలుసు అక్కడ తెగింది.

రెండో గొలుసును పరీక్షించాను. 83623935కి రెండు కలిపితే 83623937. వర్గమూలం 9144 వరకు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించమన్నాను, ఏదీ నిశ్శేషంగా పోలేదు, ప్రధానమే. లబ్ధం 6992962672132095, అదీ జాబితాలోకి చేరింది. దానికి రెండు కలిపి మళ్లీ నడిపాను. 6992962672132097 = 73 × 95794009207289. రెండో గొలుసు ఇక్కడ ఆగింది. ఇప్పుడు 353, 929 లాంటి జంటలు ఎలా పుడతాయో రాయడం మొదలుపెట్టాను. 255 పక్కన పెట్టి, మిగతా రెండు ప్రధాన సంఖ్యల్లో ఒక్కోదాంట్లోంచి 256 తీసేస్తే 97, 673 వస్తున్నాయి. వాటి లబ్ధం 65281, అంటే 65536 − 255.